కంటి శస్త్రచికిత్స: రైతు తెలిసికొనవలసిన లాభనష్టములు

ఇంద్రియములన్నిటిలోను కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. తక్కినవారి మాట యెట్లున్నను సేద్యము చేయువానికి ఈ మాట అక్షరాల సత్యము. మడిలో ఏది కలుపో ఏది పైరో పోల్చుకొనుటకును, రాత్రివేళ గట్టు వెంబడి నడచి మోటారు వేయుటకును, పురుగుమందు సీసామీది కొలతలు చదువుటకును, సంఘపు పత్రముమీద సంతకము చేయుటకు ముందు అందలి అంకెలు చూచుకొనుటకును కన్ను కావలెను. కాలు నొచ్చినచో కొడుకు దున్నును. చూపు పోయినచో ఆ రైతును చేయిపట్టి నడిపించుటకు ఇంటిలో మఱియొకరు పని మానుకొనవలసివచ్చును. ఒక్కని చూపు పోయిన ఇంట ఇద్దఱి పని నిలిచిపోవును.

అయినను కంటి ఆపరేషను మాట వచ్చినప్పుడు మన గ్రామములలో రెండు విధముల వాదములు వినబడుచుండును. "కత్తి పెట్టనిత్తునా? ఉన్న ఆ కాస్త చూపును పోవును" అని ఒకరందురు. "అది పది నిమిషముల పని, ఏమియు కాదు, రేపే పొలమునకు పోవచ్చును" అని మఱియొకరందురు. మొదటివాడు భయముచేత గ్రుడ్డివాడగుచున్నాడు. రెండవవాడు అజాగ్రత్తచేత ఒక్కొక్కప్పుడు గ్రుడ్డివాడగుచున్నాడు. సభ్యునకు జమ మాత్రమే చూపి ఖర్చు చూపని లెక్క లెక్క కాదు. ఖర్చు మాత్రమే చూపి జమ దాచిన లెక్కయు లెక్క కాదు. కావున కంటి శస్త్రచికిత్సలయొక్క రెండు పద్దులను ఈ వ్యాసమున సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

కన్ను, దాని రోగములు

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె స్వచ్ఛమైన పొర యొకటి కలదు. దీనిని వైద్యులు కార్నియా యందురు. దాని వెనుక కంటిపాప, కంటిపాప వెనుక చిన్న కటకము, అన్నిటికంటె వెనుక వెలుతురును పట్టుకొను తెర యున్నవి. ఆ తెరనుండి ఒక నరము మెదడునకు పోవును. ఈ దారిలో ఎచ్చట అడ్డు కలిగినను చూపు తగ్గును. కటకము వయసుచేత తెల్లబాఱినచో అది శుక్లము; మన మెదకు ప్రాంతమున దీనినే మోతిబిందు అనుట కలదు. కంటిలోని ఒత్తిడి పెరిగి నరము చెడినచో అది నీటికాసులు. కార్నియాకు పుండుపడి తెల్లని మచ్చ నిలిచినచో దానిని పువ్వు వేసినదందుము. చక్కెరవ్యాధిచేత వెనుక తెర చెడుటయు నేడు తఱచైనది. కన్ను పొడవైనను పొట్టిదైనను దృష్టి సరిగా నిలువక కండ్లద్దములు కావలసివచ్చును. నలువది యేండ్లు దాటినపిదప దగ్గఱి అక్షరము కనబడకపోవుట చత్వారము.

ఈ భేదములు తెలియుట ఎందులకనగా, ఒక్కొక్క రోగమునకు శస్త్రచికిత్స ఫలితము వేఱు. శుక్లము తీసినచో పోయిన చూపు తిరిగివచ్చును. నీటికాసులకు ఆపరేషను చేసినచో ఉన్న చూపు నిలుచునేకాని పోయినది రాదు. ఇది తెలియక "పక్కవానికి చూపు వచ్చెను, నాకేల రాలేదు" అని డాక్టరును నిందించువారు పెక్కురు.

వెనుకటి పద్ధతులు

శుక్లమునకు శస్త్రము వాడుట మన దేశమున క్రొత్త కాదు. సుశ్రుతునినాటినుండి శలాకతో కటకమును కంటిలోపలికి క్రిందికి త్రోసివేయు పద్ధతి యుండెను. ఊరూర తిరుగు కంటివైద్యులు దీనిని చాలకాలము చేయుచుండిరి. త్రోసిన క్షణమున వెలుతురు కనబడును, రోగి సంతసించును, వైద్యుడు సొమ్ము తీసికొని ఊరు దాటును. తరువాత ఆ కటకము కంటిలోపలనే యుండి వాపును ఒత్తిడిని కలిగించి పెక్కుమందికి కన్నునే పోగొట్టుచుండెను. మదరాసులో 1819లో స్థాపింపబడిన సర్కారు నేత్ర వైద్యాలయమునకు ఇరువదవ శతాబ్దారంభమున అధిపతిగానుండిన ఎలియట్ అను వైద్యుడు ఇట్టి చెడిన కండ్లను పెక్కింటిని పరీక్షించి, ఆ విషయమున ఒక గ్రంథమునే రచించెను. ఆపరేషను ఫలితమును ఆ పూట చూచి నిర్ణయింపరాదు, నెలలు గడచినపిదప చూడవలెను అనునది ఆనాటి పాఠము. అది నేటికిని పాఠమే.

ఫ్రాన్సు దేశపు వైద్యుడు డేవియల్ 1747లో కటకమును త్రోయుటకు మాఱుగా కంటినుండి వెలికి తీసివేయు పద్ధతిని చేసి చూపెను. అప్పటినుండి రెండువందల యేండ్లు అదే దారి. కాని కటకము తీసిన కంటికి దాని స్థానమున ఏమియు లేకుండుటచేత సీసాయడుగువంటి దళసరి అద్దములు పెట్టుకొనవలసియుండెను. ఈ అద్దములవలన కలుగు కష్టమును నేను మా ఇంటనే చూచితిని. మా పెదతండ్రిగారికి దాదాపు నలువది యేండ్ల క్రిందట ఒక శిబిరమున కుడికంటికి శుక్లము తీసిరి. ఆపరేషను చక్కగానే జరిగినది. ఒకనాడు కాలువలో తూము మళ్లించుచుండగా అద్దములు జాఱి నీటిపాలైనవి. క్రొత్తవి వచ్చువఱకు మూడునెలలు ఆయన అరుగుమీదనే కూర్చుండిరి. శస్త్రము గెలిచినది, రైతు ఓడిపోయెను.

ఈ లోపమును తీర్చినవాడు లండను నగరపు వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు కప్పు పగిలి దాని ముక్కలు కంటిలో గ్రుచ్చుకొనిన వైమానికులను ఆయన పరీక్షించెను. ఆ ప్లాస్టిక్కు ముక్కలను కన్ను తిరస్కరింపకుండుట చూచి, అట్టి పదార్థముతోనే కటకము చేయించి 1949 నవంబరు 29న మొదటిసారి మనుష్యుని కంటిలో అమర్చెను. తోడివైద్యులు చాలకాలము ఆయనను ఆక్షేపించిరి. తొలినాటి కటకములవలన ఉపద్రవములు కలుగుటయు నిజమే. నేడు ప్రపంచమున శుక్లపు ఆపరేషనులలో ఆ కటకమే సర్వసాధారణమైనది.

నేటి పద్ధతి, దాని జమ

ఇప్పుడు రెండు పద్ధతులు ముఖ్యముగా వాడుకలో నున్నవి. ఒకటి, కంటి తెల్లగ్రుడ్డున చిన్నకోత పెట్టి శుక్లమును మొత్తముగా చేతితో తీయుట. ఇందు కుట్లు తఱచుగా అవసరముండవు, ఖర్చు తక్కువ, బాగుగా ముదిరిన శుక్లమునకు అనుకూలము. రెండవది, 1967లో అమెరికా వైద్యుడు కెల్మన్ కనిపెట్టినది. సుమారు మూడు మిల్లీమీటర్లు, అంతకంటెను చిన్నకోత గుండ సూది పంపి, శబ్దతరంగముల శక్తితో కటకమును చూర్ణముచేసి పీల్చివేయుదురు. ఇందు గాయము త్వరగా మానును. రెంటియందును పాత కటకపు సంచిని లోపలనే యుంచి, అందు క్రొత్త కటకమును అమర్చుదురు. నేర్పరియైన వైద్యుని చేతిలో రెండు పద్ధతులును మంచి చూపునే యిచ్చును. కావున యంత్రము లేని చోట చేసిన ఆపరేషను చెడ్డదని భ్రమపడరాదు.

ఫలితమునకు కొలత యుండవలెను గదా. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1998లో ఒక కొలత నిర్ణయించిరి. మంచి కన్నుగలవాడు 18 మీటర్ల దూరమునుండి చదువు అక్షరమును 6 మీటర్లనుండి చదువగలిగినచో ఆ చూపును 6/18 అందురు. ఆపరేషను పిదప రోగి తనకున్న అద్దములతో నూటికి 80 కండ్లయందైనను ఈ చూపుగాని అంతకంటె మేలైన చూపుగాని యుండవలెను. సరియైన అద్దములతో పరీక్షించినచో 90 కండ్లయందుండవలెను. 60 మీటర్ల అక్షరమును 6 మీటర్లనుండియు చదువలేని చెడు ఫలితము నూటికి 5 కంటె తక్కువగా నుండవలెను. మంచి వైద్యాలయములు ఈ కొలతను దాటుచున్నవి. మీరు పోవు ఆసుపత్రివారిని "మీయొద్ద నూటికి ఎందఱికి చూపు వచ్చుచున్నది?" అని అడుగుట తప్పు కాదు. విత్తనము మొలక శాతమడిగి కొనువాడు కంటి విషయమున ఏల అడుగరాదు?

ఖర్చు పద్దు: కలుగదగిన ఉపద్రవములు

మొదటిది, అన్నిటికంటె భయంకరమైనది, కంటిలోపల చీము పట్టుట. మంచి వైద్యాలయములలో ఇది వేయింటికి ఒకటి, అంతకంటెను తక్కువ. కాని వచ్చినచో కన్ను పోవుట గంటల పని. సాధారణముగా ఆపరేషనైన రెండవనాటికిని ఏడవనాటికిని మధ్య నొప్పి, ఎఱ్ఱదనము, చూపు మందగించుట, రెప్పలవాపు కనబడును. దీనిని నివారించుటకు ఆపరేషనుకు ముందు కంటిలో అయొడిను మందు వేయుదురు. ఆపరేషను ముగియగానే కంటిలోనికి క్రిమినాశక మందు ఎక్కించు ఆచారమును వ్యాపించినది. అయినను ఒక్కచోట శుచి తప్పినచో పెక్కుమందికి ఒక్కసారి ముప్పు వాటిల్లును. 2016 జూన్ మాసాంతమున హైదరాబాదు సరోజినీదేవి నేత్ర వైద్యాలయమున శుక్లపు ఆపరేషను చేయించుకొనిన 13 మందికి ఇట్లే చీము పట్టినది. కన్ను కడుగుటకు వాడు సెలైన్‌వంటి ద్రవములోనే క్రిములున్నట్లు పరీక్షలో తేలినది. కొందఱు చూపు కోల్పోయిరి. కత్తి పట్టిన చేయి మంచిదైనను సీసాలోని నీరు మంచిది కాకున్న ఎట్లగునో ఈ ఉదంతము తెలుపుచున్నది.

రెండవది, కటకపు సంచి చినుగుట. నేర్పరుల చేతిలోను నూటికి ఒకటి రెండు జరుగవచ్చును. శుక్లము మిక్కిలి ముదిరి గట్టిపడినచో ఈ ప్రమాదము హెచ్చును. "ఇంకను పండనిమ్ము" అని యేండ్ల తరబడి ఆగుట వెనుకటి పద్ధతికి తగినది; నేటి పద్ధతికి తగదు. ముదిరిన శుక్లము కంటిలోనే పగిలి ఒత్తిడి పెంచి కన్నును చంపుటయు కలదు.

మూడవది, కటకపు నంబరు తప్పుట. ఆపరేషనుకు ముందు కంటి పొడవును యంత్రముతో కొలిచి కటకమును నిర్ణయింతురు. ఒక్క మిల్లీమీటరు కొలత తప్పినచో రెండున్నర మూడు నంబర్ల తేడా వచ్చును. ఆపరేషను చక్కగా జరిగినను చూపు మసకగా నుండుటకు ఇదియొక కారణము. దీనికి అద్దములు చాలును, భయపడనక్కఱలేదు.

నాలుగవది, వెనుకపొర తిరిగి మసకబాఱుట. మా పెదతండ్రిగారి రెండవ కంటికి కటకము వేసిరి. రెండేండ్లు పత్రికలోని చిన్న అక్షరములుకూడ చదివిరి. పిదప మెల్లగా మంచు క్రమ్మినట్లయినది. ఇంటివారందఱు "ఆపరేషను చెడిపోయినది, కటకము కుళ్లినది" అని దుఃఖించిరి. డాక్టరు చూచి, లోపల మిగిల్చిన సంచి మసకబాఱినదనియు ఇది చాలమందికి కలుగునదే యనియు చెప్పి, లేజరు వెలుతురుతో ఆ పొరకు నడుమ రంధ్రము చేసెను. కత్తి లేదు, కట్టు లేదు, అయిదు నిమిషములు పట్టలేదు. మఱునాటినుండి ఆయన మరల పత్రిక చదువసాగిరి. ఈ సంగతి తెలియక ఎందఱు వృద్ధులు మరల చీకటిలో కూర్చున్నారో!

ఇవిగాక కార్నియా వాచుట, కంటి ఒత్తిడి పెరుగుట, అరుదుగా వెనుక తెర ఊడుట కలవు. కంటిలో మెఱుపులు, నల్లని చుక్కల జల్లు, ప్రక్కనుండి తెర దిగినట్లు నీడ కనబడినచో అది తెర ఊడుటకు గుర్తు, ఆలస్యము చేయరాదు. మఱియు ముందే నీటికాసులో చక్కెరవ్యాధియో కన్నును చెఱచియున్నచో శుక్లము తీసినను చూపు పూర్తిగా రాదు. ఈ మాట ముందే అడిగి తెలిసికొనవలెను.

మన జిల్లాయందలి సంగతి

1996కును 2000కును నడుమ ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు నాటి ఆంధ్రప్రదేశమున హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించిరి. నూటికి 1.84 మంది అంధులని తేలినది. అంధత్వమునకు కారణము నూటికి 44 పాళ్లు శుక్లము, 16 పాళ్లకు పైగా అద్దములతో సరిచేయదగిన దృష్టిదోషము. అనగా అంధులలో సగముకంటె ఎక్కువమంది తిరిగి చూపు పొందదగినవారే. చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాద్ గారి విరాళముతో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున 1987లో నడపనారంభించిన ఈ సంస్థ, 1996లో ఆదిలాబాదు జిల్లా ముథోలున పల్లెవారికై కంటి ఆసుపత్రిని తెఱచి, పట్టణమునకు రోగి పోవుటకు మాఱుగా వైద్యమే పల్లెకు వచ్చు దారి చూపినది.

2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వమువారు కంటి వెలుగు అను కార్యక్రమమును ప్రారంభించినది మన మెదకు జిల్లాయందలి మల్కాపూరు గ్రామముననే. ఆ విడతలో రాష్ట్రమంతట కోటిన్నరమందికి పైగా కండ్లు పరీక్షింపబడినవి. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మమున ఆరంభమైనది. అద్దములు ఊరిలోనే ముట్టినవి. కాని ఆపరేషను కావలెనని చీటీ వ్రాయబడినవారు ఆసుపత్రికి పోవలసియున్నది. ఆ చీటీని పెట్టెలో పట్టాకాగితముల ప్రక్కన భద్రపఱచుకొనినవారు మనలో నేటికిని కలరు. చీటీ దాచినంతమాత్రమున శుక్లము ఆగదు. ఇంటికి పోయి ఆ పెట్టె తెఱచి చూడుడు.

యువకులు కోరు లేజరు చికిత్స

ఈనడుమ చదువుకొనిన మన పిల్లలు అద్దములు మానుటకై లేజరు చికిత్స చేయించుకొనగోరుచున్నారు. పోలీసు, సైన్యము మున్నగు ఉద్యోగములకై కొందఱు, పెండ్లి సంబంధములకై కొందఱు. దీనిని గూర్చియు తండ్రులు తెలిసికొనవలెను.

కార్నియా మందము సుమారు అర మిల్లీమీటరు. లాసిక్ అను పద్ధతియందు దాని పైపొరను మూతవలె లేపి, లోపలిభాగమును లేజరుతో చెక్కి, మూతను తిరిగి వేయుదురు. కంటి వంపు మాఱి దృష్టి సరియగును. మూత లేపక పైననే చెక్కు పద్ధతియు, చిన్న కోతగుండ లోపలి పలుచని బిళ్లను తీయు పద్ధతియు కలవు. వీనికి పూర్వము 1970వ దశకమున రష్యా వైద్యుడు ఫ్యోదరోవ్ కార్నియాపై కత్తితో కిరణములవలె గాట్లు పెట్టు పద్ధతిని ప్రచారము చేసెను. అమెరికాలో ఆ ఆపరేషను చేయించుకొనినవారిని పది యేండ్లు వెంబడించి చూడగా, నూటికి 43 కండ్లు ఒక నంబరు, అంతకంటె ఎక్కువ దీర్ఘదృష్టివైపు జరిగినట్లు 1994లో ప్రకటింపబడినది. తొలిదినముల మెఱుపును నమ్మరాదనుటకు ఇది రెండవ నిదర్శనము.

నేటి లేజరు అంతకంటె ఎంతయో మేలైనది. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థవారు లాసిక్ రోగులనే ప్రశ్నించి 2017లో ప్రకటించిన పరిశోధనయందు నూటికి 95 మందికి పైగా తమ చూపుతో తృప్తి చెందియుండిరి. కాని ఖర్చు పద్దుకూడ అందే యున్నది. ఆపరేషనుకు ముందు ఏ బాధయు లేనివారిలో మూడునెలలకు నూటికి 40 మందికి పైగా దీపముల చుట్టు వలయములు, మెఱుపు, నీడలు మున్నగు ఏదో యొక క్రొత్తబాధ చెప్పిరి. వారిలో మిక్కిలి కష్టపడినవారు నూటికి ఒకరికంటె తక్కువ. కన్ను ఎండిపోవు బాధ లేనివారిలో సుమారు నూటికి 28 మందికి అది క్రొత్తగా కలిగినది. రాత్రి ట్రాక్టరు నడుపువానికిని, దుమ్ములో నూర్పిడి చేయువానికిని ఈ రెండును లెక్కింపదగినవే.

18 యేండ్లు నిండనివారికిని, ఏటేట నంబరు మాఱుచున్నవారికిని, కార్నియా పలుచగానో కోసుగానో ఉన్నవారికిని, గర్భిణులకు బాలింతలకును ఈ చికిత్స తగదు. పలుచని కార్నియాను చెక్కినచో అది క్రమముగా ఉబ్బి చూపును చెఱచును. కావున కార్నియా పటము తీయకుండ ఆపరేషనుకు తేదీ యిచ్చు చోటును విడిచిపోవుట మేలు. లాసిక్ మూత యేండ్లు గడచినను దెబ్బకు కదలవచ్చును. ఎద్దుకొమ్ము, తాడుదెబ్బ, చెఱకు ఆకుల నడుమ పనిచేయువాడు ఇది డాక్టరుకు చెప్పి మూత లేని పద్ధతిని గూర్చి అడుగవలెను. ఉద్యోగమునకై చేయించుకొనువారు ఆ ఉద్యోగపు నియమములు ముందు చదువవలెను. చివరిమాట, లేజరు చేయించుకొనినను నలువదవ యేట చత్వారము రాకమానదు. అద్దములు అవమానము కాదు. వానికి ఉపద్రవమును లేదు.

పొలములో తగులు దెబ్బలు

ఘనపురము ఆనకట్ట కాలువల క్రింద వరికోతలు నూర్పిళ్లు సాగునాళ్లలో కంటికి వరియాకు గీచుకొనుట, పొట్టు పడుట సామాన్యము. ఆకుమీది బూజు గాయములో దిగి కార్నియాకు పుండు వేయును. అట్టి కంటిలో పసరు పోయుట, నాలుకతో నలుసు తీయుట, మందుల దుకాణమున ఏదో యొక చుక్కలమందు కొని వేయుట మిక్కిలి హానికరము. స్టెరాయిడు కలిసిన చుక్కలు ఎఱ్ఱదనమును తగ్గించి మేలైనట్లు భ్రమ గొల్పి, లోపల బూజును పెంచును. పుండు ముదిరినచో కార్నియా మార్పిడి తప్ప గతి యుండదు.

ఆ మార్పిడి మొదట ఫలించినది ఒక వ్యవసాయ కూలివానికే. కోళ్లగూడు శుభ్రము చేయుచు సున్నముపడి కండ్లు కోల్పోయిన అలోయిస్ గ్లోగార్ అనువానికి 1905 డిసెంబరు 7న ఓలోమోట్సు పట్టణమున జిర్మ్ అను వైద్యుడు ఒక బాలుని కంటినుండి కార్నియా తీసి రెండు కండ్లకును అతికెను. ఒక కన్ను చెడినది, ఒకటి నిలిచినది. ఆ ఒక్క కంటితో అతడు తిరిగి పనికి పోయెను. నేటికిని అతికిన కార్నియాను శరీరము తిరస్కరించు ప్రమాదము కలదు. యేండ్ల తరబడి మందులు వేయవలెను. అందులకును మరణించినవారి కన్ను దొరకవలెను. మరణించిన ఆఱుగంటలలోపల దానిని సేకరింపవలెను. నేత్రదానమునకు వయసుగాని, కండ్లద్దములుగాని, శుక్లపు ఆపరేషనుగాని అడ్డు కాదు.

ఎండలో దుమ్ములో పనిచేయువారికి కంటిమూలనుండి మాంసపుపొర పెరిగి నల్లగ్రుడ్డుమీదికి ప్రాకుటయు కలదు. దానిని కోసి విడిచినచో తఱచుగా తిరిగి పెరుగును. కోసినచోట అదే కంటినుండి తీసిన పలుచనిపొరను అతికినచో తిరిగి పెరుగుట చాలవఱకు తగ్గును.

పాటింపవలసిన నియమములు

1. ఆపరేషనుకు ముందు చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకొనవలెను. పంటిచీము, కంటికలక, చర్మపు పుండు ఉన్నచో దాచక చెప్పవలెను. వాడుచున్న మందులన్నియు చూపవలెను.

2. రెండు కండ్లకు ఒకేనాడు చేయించుకొనరాదు. ఒకటి కుదుటబడినపిదప రెండవది.

3. వేసిన కటకపు నంబరుగల చీటీని, చికిత్స కాగితమును ఇంట భద్రపఱచవలెను.

4. చుక్కలమందు వేయుటకు ముందు చేతులు సబ్బుతో కడుగవలెను. సీసామూతి రెప్పకు తగులరాదు. డాక్టరు చెప్పిన దినములన్నియు వేయవలెను; బాగైనదని నడుమ మానరాదు, తనంతట పొడిగింపరాదు.

5. డాక్టరు అనుమతించువఱకు తలస్నానము, కాలువలో మునుగుట, బస్తాలెత్తుట, నూర్పిడి దుమ్ము, పశువుల కొట్టపు పని మానవలెను. కావున కోతలకు నాట్లకు ఎడమైన దినములు చూచి ఆపరేషను పెట్టించుకొనుట మేలు. చూపు పూర్తిగా మందగించినవాడు మాత్రము ఋతువు చూడరాదు.

6. నొప్పి, ఎఱ్ఱదనము, చూపు తగ్గుట ఈ మూడింటిలో ఏది పెరిగినను ఆ పూటనే ఆపరేషను చేసిన చోటికి పోవలెను. మా పొరుగూరి రైతొకడు నాలుగవనాడు నొప్పి మొదలైనను నాటుకూలీలు దొరికిరని రెండుదినములు ఆగెను. మడి నాటు ముగిసినది, కన్ను ముగిసినది. ఆపరేషను చేసినవారి తప్పు ఉన్నదో లేదో చెప్పలేము కాని, ఆ రెండుదినములు మాత్రము తిరిగి రానివి.

7. ఆఱువారముల పిదప మరల చూపించుకొని అవసరమైన అద్దములు తీసికొనవలెను. ఈ చివరి పని మానుటచేతనే మంచి ఆపరేషనుకూడ సగము ఫలితమిచ్చుచున్నది.

సంఘము చేయదగినది

ఇందు ధనముకంటె తోడు ముఖ్యము. వృద్ధుడు ఆసుపత్రికి పోకుండుటకు కారణమడిగినచో "తీసికొనిపోవువారు లేరు" అనును. కొడుకు హైదరాబాదున నుండును. కోడలు కూలికి పోవును. కావున ప్రతి గ్రామమున సంఘసభ్యులలో ఇద్దఱు, ఒక పురుషుడును ఒక స్త్రీయు, ఈ భారము వహింపవలెను. ఊరిలో 50 యేండ్లు దాటినవారి పట్టిక వ్రాసి, ఒక కన్ను మూసి గుమ్మమునుండి ఎదుటివాని చేతి వ్రేళ్లు లెక్కింపగలరా యని చూచినచో చూపు పోవుచున్నవారు తెలియుదురు. అట్టివారిని కూడగట్టి ఒకే బండిలో ఆసుపత్రికి కొనిపోవుట, ఆపరేషనైన మఱునాడు, వారమునకు, ఆఱువారములకు మరల చూపించుట, ఆ పది పదునైదు దినములు వారి పొలముపని చేబదులుగా చేసిపెట్టుట, ఇవి సంఘము చేయగలిగినవే. ఎరువు బస్తాలు ఒక్కటిగా తెప్పించుకొనుట నేర్చినవారము, చూపును ఒక్కటిగా తెచ్చుకొనలేమా?

శిబిరము పెట్టింతుమని ఎవరైన వచ్చినచో మూడు ప్రశ్నలు అడుగుడు. ఆపరేషను ఎచ్చట చేయుదురు? మఱునాడును వారమునకును ఎవరు చూతురు? రాత్రివేళ నొప్పి వచ్చినచో ఎవరికి కబురు చేయవలెను? మూడింటికి సరియైన జవాబిచ్చినవారితో నిశ్చింతగా పోవచ్చును. జవాబు లేనివారు ఉచితముగా చేసినను అది మిక్కిలి ప్రియమగును.

శస్త్రచికిత్స దేవత కాదు, దయ్యమును కాదు. అది నేర్పుతో, శుచితో, వేళకు చేయవలసిన పని; సేద్యమువంటిది. వేళ దాటించి విత్తినవానికి పంట తక్కువ. విత్తి కావలి కాయనివానికి పంటయే లేదు. మా పెదతండ్రిగారు తమ ఎనుబదియవ యేట పొలము గట్టున నిలిచి, దూరపు మడిలో నీరు తక్కువైనదని మాకంటె ముందు కనిపెట్టి కేక వేసిరి. ఆ కేక ప్రతి ఇంటనుండియు వినబడవలెనని సభ్యులందఱు కోరుదురుగాక.